రాంకే ఇంటి నుంచి అధ్యయన కేంద్రం దాకా: చరిత్రలో బృంద ప్రాజెక్టు సమర్పణ

పరిచయం

ఈ కోర్సులో భాగంగా మీరు నలుగురైదుగురు సహ విద్యార్థులతో కలిసి ఒక చరిత్ర ప్రాజెక్టు తయారుచేసి, అధ్యయన కేంద్రంలో పరీక్షకుల ముందు, తోటివారి ముందు సమర్పించవలసి ఉంటుంది. మీలో చాలామందికి ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటి బాధ్యతో ఉంటుంది. బృందంలోని మిగిలినవారిని మీరు చూసేది ఆదివారం కాంటాక్టు తరగతుల్లోనే. అందువల్ల సాధారణంగా జరిగేది ఒకటి ఉంది. అంశాన్ని నాలుగు ముక్కలు చేసుకుంటారు, ఎవరి ముక్క వారు ఇంట్లో రాసుకుంటారు, సమర్పణ రోజు పొద్దున్న వాటిని కలిపి కుడతారు.

ఇలా చేయడంలో నష్టమేమిటి, దానికి బదులు ఏం చేయవచ్చు అన్నది ఈ పాఠంలోని విషయం. దాన్ని తెలుసుకోవడానికి మంచి మార్గం ఈ పద్ధతి చరిత్రనే చూడటం. విద్యార్థి తన పరిశోధనను తోటి విద్యార్థుల ముందు చదివి, వారి ప్రశ్నలకు జవాబు చెప్పే ఆచారం ఒక చోట, ఒక అవసరం కోసం రూపుదిద్దుకుంది. ఆ అవసరం ఇప్పటికీ తీరిపోలేదు.

రాంకే ఇంట్లో విద్యార్థులు

లియోపోల్డ్ వాన్ రాంకే (1795-1886) ఒక పాఠశాల ఉపాధ్యాయుడు. 1824లో ఆయన మొదటి గ్రంథం వెలువడింది. పేరున్న పాత చరిత్రకారులు రాసినదాన్ని అలాగే నమ్మకూడదని, వారు తమ సమాచారాన్ని ఎక్కడినుంచి తీసుకున్నారో పరిశీలించాలని ఆ గ్రంథానికి చేర్చిన అనుబంధంలో చూపించాడు. మరుసటి ఏడాది, అంటే 1825లో, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది.

ఆ రోజుల్లో విశ్వవిద్యాలయ బోధన అంటే ప్రధానంగా ఉపన్యాసం. ఆచార్యుడు చెబుతాడు, విద్యార్థి రాసుకుంటాడు. ఆధారాన్ని పరీక్షించే నేర్పు మాత్రం వింటే రాదు. ఈత గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా నీళ్లలో దిగనిదే ఈత రానట్టే ఇదీ. అందుకే 1830లలో రాంకే కొద్దిమంది విద్యార్థులను తన ఇంటికి పిలిచి అభ్యాసాలు చేయించాడు. ఒకరు తాను రాసిన వ్యాసం చదివేవారు. మిగిలినవారు, గురువు దానిని విమర్శించేవారు. నేడు మనం సెమినార్ అంటున్న పద్ధతికి చరిత్ర శాస్త్రంలో బలమైన పునాది అక్కడ పడింది.

ఒక బృంద ప్రాజెక్టు

ఆ విద్యార్థులు కలిసి ఒక పెద్ద పని తలపెట్టారు. 919 నుంచి 1024 వరకు జర్మనీని ఏలిన శాక్సన్ వంశపు రాజుల చరిత్రను, ఏ సంవత్సరంలో ఏం జరిగిందో ఆధారాలతో సహా రాయాలన్నది వారి ప్రణాళిక. మొదటి భాగం 1837లో వెలువడింది. మొదటి హెన్రీ పాలనను గేయోర్గ్ వైట్స్ రాశాడు. 1813లో పుట్టిన అతనికి అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. మొదటి ఒట్టో పాలన సుదీర్ఘమైనది కనుక దాన్ని ఇద్దరు పంచుకున్నారు. తొలి సంవత్సరాలను కోప్కే, 951 తరువాతి కాలాన్ని డోనిగెస్ రాశారు. రెండో ఒట్టో గీసెబ్రెష్ట్‌కు, మూడో ఒట్టో విల్మన్స్‌కు వచ్చారు.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. వీరు కూడా మీలాగే పని పంచుకున్నారు. అయితే పంచుకున్నది కాలాన్ని మాత్రమే. ఆధారాన్ని తూచే తక్కెడ అందరిదీ ఒక్కటే. ఒక రాజు మరణించిన ఏడాది ఒకరి భాగానికి ముగింపు, మరొకరి భాగానికి ప్రారంభం. కాబట్టి పక్కవాడు ఏం రాశాడో చూడకుండా తన భాగాన్ని ముగించడం ఎవరికీ కుదరదు.

అందరి పనికీ అడ్డు వచ్చే సందేహం తలెత్తినప్పుడు ఏం చేశారో కూడా చూద్దాం. శాక్సన్ల చరిత్రకు కోర్వే అనే మఠం ముఖ్యమైన చోటు. పదో శతాబ్దంలో విడుకింద్ అనే సన్యాసి తన ప్రసిద్ధ గ్రంథాన్ని అక్కడే రాశాడు. ఆ మఠానికే చెందిన ప్రాచీన వృత్తాంతం అంటూ మరో రచన కూడా ప్రచారంలోకి వచ్చింది. అది నిజమైతే చరిత్రకారులకు పెన్నిధి. వైట్స్, సీగ్‌ఫ్రీడ్ హిర్ష్ అనే మరో విద్యార్థి కలిసి దాన్ని పరీక్షించారు. అది ప్రాచీనం కాదని, తరువాతి కాలంలో ఎవరో కల్పించినదని 1839లో అదే గ్రంథమాలలో ప్రకటించారు.

ఈ ఉదాహరణలోని విలువ ఇది: ఒక అబద్ధపు ఆధారం నలుగురు రాసిన నాలుగు భాగాల్లోకి ప్రవేశిస్తే, చదివేవారికి అది నాలుగు సాక్ష్యాలుగా కనిపిస్తుంది. బృందం జాగ్రత్తగా ఉంటే అబద్ధాన్ని పట్టుకుంటుంది. అజాగ్రత్తగా ఉంటే దానికి నాలుగింతల బలం ఇస్తుంది.

ఇల్లు దాటిన పద్ధతి

జర్మనీలో చదివిన వారి ద్వారా ఈ పద్ధతి ఇతర దేశాలకు చేరింది. 1876లో హైడెల్‌బర్గ్‌లో డాక్టరేటు పొందిన హెర్బర్ట్ బాక్స్‌టర్ ఆడమ్స్ దీన్ని అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో స్థిరపరిచాడు. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ అక్కడి విద్యార్థే. 1918లో విలియం హెర్డ్ కిల్పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతిపై రాసిన వ్యాసంతో, విద్యార్థి ఒక ప్రయోజనం కోసం స్వయంగా పనిచేస్తూ నేర్చుకోవాలన్న ఆలోచన పాఠశాలల్లోనూ వ్యాపించింది.

రాంకే ఇంట్లో జరిగిన ఆ అభ్యాసాల్లో విద్యార్థినులు లేరు. ప్రష్యా విశ్వవిద్యాలయాల్లో స్త్రీలకు పూర్తి ప్రవేశం 1908లో గాని రాలేదు. మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో ఏర్పడింది. చదువు మధ్యలో ఆగిన గృహిణి, రాత్రి డ్యూటీ చేసే ఉద్యోగి, ఊరు వదలలేని రైతు నేడు అదే పద్ధతిలో కూర్చుని పరిశోధన సమర్పించగలుగుతున్నారంటే, దాని వెనుక ఇంత ప్రయాణం ఉంది.

ఒక వైఫల్యం

కొన్నేళ్ల క్రితం నేను మార్గదర్శకుడిగా ఉన్న ఒక బృందం రుద్రమదేవి పాలనపై ప్రాజెక్టు చేసింది. నలుగురూ కష్టపడి చదివినవారే. మొదటి విద్యార్థి కాకతీయ వంశక్రమం చెబుతూ రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె అన్నాడు. మూడో విద్యార్థిని విదేశీ యాత్రికుల గురించి చెబుతూ, మార్కో పోలో ప్రకారం ఆమె మరణించిన రాజు భార్య అని చదివింది. పరీక్షకులు నెమ్మదిగానే అడిగారు: "ఇంతకీ ఆమె కూతురా అమ్మా, భార్యా?" ఆ అమ్మాయి మొదటి విద్యార్థి వైపు చూసి, "వంశం నా భాగం కాదండీ" అంది. గదిలో కొందరు నవ్వారు. ఆ తరువాత ఆమె తన భాగాన్ని పూర్తిచేయలేకపోయింది.

వారిద్దరిలో ఎవరూ తప్పు చదవలేదు. మార్కో పోలో నిజంగానే అలా రాశాడు. ఆమె గణపతిదేవుని కుమార్తె అన్నది ఇతర బలమైన ఆధారాలవల్ల స్థిరపడింది. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. జరిగిన లోపమల్లా నలుగురూ ఒకరి భాగం ఒకరు అంతకుముందు వినకపోవడమే. ఆ లోపంలో నా పాలు ఎక్కువ. నాలుగు భాగాలను విడివిడిగా చూసి, బాగున్నాయని సంతకం చేశాను. నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి వినలేదు.

ఆ వైరుధ్యం రెండు వారాల ముందు బయటపడి ఉంటే ఆ ప్రాజెక్టుకు అదే ప్రాణమయ్యేది. విదేశీ యాత్రికుడు రాణిని రాజు భార్యగా ఎందుకు అనుకున్నాడు? అతనికి ఎవరు చెప్పి ఉంటారు? ఒక స్త్రీ తండ్రి వారసురాలిగా సింహాసనం ఎక్కడం అతని ఊహకు అందలేదా? మంచి చరిత్ర పరిశోధన ఇలాంటి ప్రశ్నలతోనే మొదలవుతుంది.

ప్రణాళిక: నాలుగు ఆదివారాలు

మీకు నాలుగు ఆదివారాలు దొరికితే చాలు. వాటిని ఇలా వాడుకోండి.

మొదటి ఆదివారం అంశాన్ని ప్రశ్నగా మార్చండి. "రుద్రమదేవి" అన్నది అంశం. "రుద్రమదేవి పాలన ముగింపు గురించి ఆధారాలు ఏం చెబుతున్నాయి?" అన్నది ప్రశ్న. ప్రశ్న ఒక్క వాక్యంలో ఇమడాలి, నలుగురూ దాన్ని చూడకుండా చెప్పగలగాలి.

రెండో ఆదివారం నాటికి ఒక ఉమ్మడి ఆధారాల పుస్తకం పెట్టండి. మామూలు నోటుపుస్తకం చాలు. మీరు చెప్పదలచిన ప్రతి విషయానికి ఎదురుగా మూడు గళ్లు ఉండాలి: ఇది ఎక్కడ ఉంది, అది ఏ కాలపు ఆధారం, దీనికి భిన్నంగా ఎవరైనా చెప్పారా. పేజీలను ఫోనులో ఫొటో తీసి అందరికీ పంపండి. ప్రతి సభ్యునికీ ఒక జత ఉండాలి. ఒకరి ఆధారాలను మరొకరు మూలంతో సరిచూడాలి.

మూడో ఆదివారం నలుగురూ తమ భాగాలను పైకి చదవండి. ఒక్కో భాగానికి ఒకరు ప్రతివాదిగా కూర్చుని, "ఇది మీకెలా తెలుసు?" అని అడుగుతూ ఉండాలి. రాలేనివారు తమ భాగాన్ని ఫోనులో రికార్డు చేసి పంపాలి. ఈ రోజు కలిగే ఇబ్బందికి భయపడకండి. స్నేహితుల ముందు తడబడితే దిద్దుకోవడానికి ఇంకా వారం ఉంటుంది.

నాలుగో ఆదివారం గడియారం పెట్టుకుని పూర్తి సమర్పణ చేయండి. ఆపైన భాగాలు మార్చుకుని ఒక్కసారి చెప్పండి. మీ మిత్రుని భాగాన్ని రెండు నిమిషాల్లో చెప్పగలిగితే మీది బృందం అయినట్టే. ఆ రోజు ఎవరికైనా జ్వరం వచ్చినా పని ఆగదు.

సమర్పణ రోజు

ఇరవై నిమిషాలు ఇచ్చారనుకుందాం. ప్రశ్నను పరిచయం చేయడానికి 2 నిమిషాలు, నలుగురికి నాలుగేసి నిమిషాలు, ముగింపుకు 2 నిమిషాలు. ఒకరు ముగిస్తూ తరువాతివారు ఏ సందేహాన్ని తీసుకుంటారో చెప్పాలి. అప్పుడు వినేవారికి దారి తప్పదు. స్లైడుపై పేరాలు రాసి వాటినే చదవకండి. శాసనం ఫొటో, ఒక పటం, నాలుగు తేదీలు చాలు. కరెంటు పోవచ్చు కనుక వాటినే ఒక చార్టు మీద కూడా రాసి ఉంచుకోండి.

మాటల్లో అన్నిటికంటే ముఖ్యమైనది, ఆధారం చెప్పినదాన్ని, మనం ఊహించినదాన్ని వేరుచేసి చెప్పడం. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనాన్ని తీసుకోండి. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం దానం చేశారని అది చెబుతుంది. వారు అంబదేవునితో జరిగిన యుద్ధంలో మరణించారన్నది చరిత్రకారులు పరిస్థితులను బట్టి చేసిన నిర్ణయం. "శాసనం ఇంతవరకు చెబుతోంది, దీన్నిబట్టి చరిత్రకారులు ఇలా భావిస్తున్నారు" అని మీరు అనగలిగితే పరీక్షకులు మిమ్మల్ని గౌరవిస్తారు. తెలియని ప్రశ్న వస్తే "మేము చూసిన ఆధారాల్లో అది లేదండీ" అని చెప్పడంలో చిన్నతనం లేదు. "అది నా భాగం కాదు" అన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. సభ ముందు నిలబడ్డాక అన్ని భాగాలూ అందరివీ.

సారాంశం

బృంద సమర్పణ ఆధారాలను తోటివారి పరీక్షకు పెట్టే పద్ధతిగా రూపొందింది. 1830లలో బెర్లిన్ విద్యార్థులు పని పంచుకున్నా ప్రమాణాన్ని పంచుకోలేదు, అందుకే ఒక కల్పిత ఆధారాన్ని పట్టుకోగలిగారు. మీ ఊరి చెరువు గురించి, మీ గుడి శాసనం గురించి మీరు చెప్పే మాటను రేపు మరొకరు ఆధారంగా తీసుకోవచ్చు. అది సభ ముందుకు వెళ్లకముందే, మీకు అత్యంత సన్నిహితులైన ముగ్గురు దాన్ని ప్రశ్నించి ఉండాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. రాంకే విద్యార్థులు శాక్సన్ రాజుల చరిత్రను ఏ ప్రాతిపదికన పంచుకున్నారు? దానివల్ల కలిగిన ప్రయోజనమేమిటి?
2. చందుపట్ల శాసనం నేరుగా చెప్పేదేమిటి? చరిత్రకారులు దాన్నిబట్టి ఊహించేదేమిటి?
3. మీ బృందం ఎంచుకున్న అంశాన్ని ఒక్క వాక్యంలో ప్రశ్నగా రాయండి. దాన్ని మీ జతకు చదివి వినిపించి, వారు లేవనెత్తిన మొదటి సందేహాన్ని దాని కిందనే రాయండి.