'గురుగులు' అను మాట – జిజానియోన్ అను మొక్క

మత్తయి 13వ అధ్యాయములోని గోధుమలు–గురుగులు ఉపమానము మన సంఘములలో ఎక్కువగా క్రమశిక్షణ సందర్భములోనే వినబడుతుంది. ఒకరిని ఉంచాలా, వెలివేయాలా అను తగవు వచ్చినప్పుడు ఇరుపక్షములవారు దీనినే ఎత్తి చూపుతారు. కాబట్టి ప్రభువు చెప్పిన మొక్క ఏదో విచారించుట కేవలము వృక్షశాస్త్ర విషయము కాదు.

1. మొక్క, దాని పేర్లు

గ్రీకు మూలములోని మాట 'జిజానియోన్'. రబ్బీల హెబ్రీలో దీనిని 'జూనిన్' అన్నారు. అరబ్బీలో 'జువాన్' అంటారు. ఇది లోలియం టెమ్యులెంటమ్ అను గడ్డి అని పండితుల అభిప్రాయము. మధ్యధరా ప్రాంతములోను ఐరోపాలోను గోధుమ పొలములకు ఇది పాత శత్రువు. 'టెమ్యులెంటమ్' అనగా లాటినులో 'మత్తెక్కిన' అని అర్థము. దీని గింజలు పిండిలో కలిస్తే తిన్నవారికి తల తిరుగుతుంది, చూపు మసకబారుతుంది, వాంతులవుతాయి. గింజలో దాగి పెరిగే శిలీంధ్రమే ఈ విషమునకు కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

వెన్ను వచ్చువరకు ఇది గోధుమవలెనే ఉంటుంది. రెండు జాతుల విత్తనములు కలిపి విత్తరాదని ధర్మశాస్త్రము నిషేధించగా, గోధుమ, జూనిన్ కలిసి ఉన్నచో ఆ నిషేధము వర్తించదని మిష్నాలోని కిలాయిమ్ భాగము తీర్పు చెప్పింది. అనగా ఆ రెండింటిని ఒకే జాతిగా ఎంచారు.

శత్రువు రాత్రివేళ వచ్చి విత్తుట కూడా కల్పన కాదు. పరుని పైరులో ఈ గింజలు చల్లి పాడుచేసిన వానిపై వ్యాజ్యము వేయు విషయమును రోమా న్యాయవేత్త ఉల్పియను చర్చించాడు. అది 533లో వెలువడిన జస్టీనియను డైజెస్టులో నిలిచింది.

2. తెలుగు నేలలో

1805లో విశాఖపట్నము చేరిన లండను మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి తెలుగు అనువాదమునకు పూనుకున్నారు. ఆనందరాయరు వారికి తోడ్పడ్డాడు. ఇద్దరు మిషనరీలు 1810 నాటికి మరణించగా, మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయ్యాయి. గోధుమ పండని వరి నేలలో గోధుమ కలుపునకు పేరు వెదకుట అనువాదకులందరికి ఎదురైన చిక్కు.

నేడు మనము చదువు బైబిలులో 'గురుగులు' అని ఉన్నది. అయితే మన మెట్ట చేలలో గురుగు అనునది వెడల్పు ఆకుల మొక్క. దాని లేతాకు కూర వండుకుంటారు. దానిని చిన్నపిల్లవాడైనను పోల్చగలడు, పీకగలడు. అట్టి మొక్కను పీకవద్దని యజమానుడు చెప్పుట వినువారికి వింతగా ఉంటుంది.

కోటబొమ్మాళి రైతుకు ఈ ఉపమానము ఊద గడ్డితో చెబితే వెంటనే అర్థమవుతుంది. వెదజల్లిన చేనులో లేత ఊదకును వరికిని తేడా పట్టుట కష్టము. వెన్ను తీసిన తరువాత దాపరికము ఉండదు. కాని ఊద విషము కాదు. విషమునకు పోలిక కావలెనంటే బూజు పట్టిన అరికెలను చూపవచ్చును. అవి తిన్నవారికి మత్తు కమ్ముతుంది. 2024 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో 10 ఏనుగులు చనిపోవుటకు అరికెల విషమే కారణమని పరీక్షలు తేల్చాయి. పోలికకు ఊద, విషమునకు అరికె: రెండును కలిపితేనే జిజానియోన్.

3. సంఘ చరిత్రలో

411లో కార్తేజి సమావేశములో ఈ ఉపమానముపైనే వాదము జరిగింది. పొలము లోకమే గాని సంఘము కాదని డొనాటిస్టులు అన్నారు. సంఘములో కూడా కోతవరకు రెండును కలిసి ఉంటాయని అగస్టీను అన్నాడు. అయితే డొనాటిస్టులపై ప్రభుత్వ బలప్రయోగమును సమర్థించినది కూడా ఆయనే. 11వ శతాబ్దములో లియేజ్ బిషప్పు వాజో ఈ ఉపమానమునే ఆధారము చేసికొని, మతభేదము గలవారిని చంపరాదని వ్రాశాడు. నేటి గురుగు రేపు గోధుమ కావచ్చునని ఆయన తలంపు.

ముగింపు

మత్తయి 18వ అధ్యాయము చెప్పు క్రమశిక్షణను ఈ ఉపమానము కొట్టివేయదు. బహిరంగమైన పాపమునకు అక్కడ మార్గమున్నది. ఇక్కడ నిషేధించబడినది, హృదయములను మనమే చూడగలమను ధీమా. యజమానుడు కలుపును ప్రేమించి ఆగమనలేదు, గోధుమను పోగొట్టుకొనలేక ఆగమన్నాడు. ఒక కుటుంబమును వెలివేయునప్పుడు దాని వేళ్లతో కూడ ఎందరు పెకలించబడుదురో బోధకుడు ముందుగా లెక్కించవలెను.