పాకం వచ్చిందా?

సంక్రాంతి ముందు అరిసెల పొయ్యి దగ్గర కూర్చున్నవారికి ఒక మాట గుర్తుంటుంది: "పాకం వచ్చిందా?" పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో చుక్క పాకం వేసి, వేలితో కూడదీస్తారు. చెదిరిపోతే ఇంకా రాలేదన్నమాట. మెత్తని ఉండ కట్టిందా, గిన్నె దించి పిండి పోయవలసిందే. కాస్త ఆలస్యమైతే అరిసె రాయవుతుంది, తొందరపడితే నూనెలో విచ్చిపోతుంది.

చెరకు రసాన్ని ఎంత కాస్తే ఏమవుతుందన్న ఎరుక మన దేశంలో చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రం ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని అయిదు పేర్లు చెబుతుంది. ఫాణితం చిక్కబడిన రసం, గుడం మన బెల్లం. శర్కర అంటే గులకరాయి కూడా. ఆ మాటే పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్ అయి, ఇంగ్లీషులో షుగర్ అయింది. ఖండం కాస్తా కాండీ అయింది. మన చక్కెర కూడా ఆ శర్కరే. క్రీ.శ. 647లో చైనా చక్రవర్తి తాయ్‌జోంగ్ పంచదార వండే పద్ధతి నేర్చుకుని రమ్మని మగధకు మనుషులను పంపాడు. చిత్రమేమిటంటే, తరువాత ఉత్తరాదివారు తెల్ల పంచదారను చీనీ అన్నారు! నేర్పినవారే నేర్చుకున్నవారి పేరు పెట్టుకున్నారు.

ఇక పాకం రహస్యమంతా నీటిలో ఉంది. నీరు ఆవిరైనకొద్దీ పాకం వేడి నూరు డిగ్రీలు దాటి పైకి పోతుంది. మెత్తని ఉండ కట్టేది సుమారు 115 దగ్గర. పళ్ళెం మీద కొడితే టక్కుమని పలికే ముదురు పాకం 150 దగ్గర. మన పెద్దలకు ఉష్ణమాపకం లేదు, వేలే ఉంది. లేత పాకం, తీగ పాకం, ఉండ పాకం, ముదురు పాకం అని ఆ వేలు చెప్పినదానికే పేర్లు పెట్టుకున్నారు. పంచదార పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండటం కూడా ఊరికే కాదు. ఆ పులుపుకు పంచదార కొంత విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. అవి అడ్డుపడి, పాకం పలుకు కట్టకుండా చేస్తాయి. బెల్లంలో అవి ముందే కొంత ఉంటాయి.

ఇప్పుడు మన సరిహద్దులకు వద్దాం. 1936లో గంజాం ఒడిశాలో చేరింది, 1953లో బళ్ళారి మైసూరుకు పోయింది, 1960లో తిరుత్తణి మద్రాసులో కలిసింది. గీతలు మారాయి గాని బాణలి మారలేదు. మన అరిసె కన్నడ ఇంట్లో కజ్జాయ, తమిళ ఇంట్లో అదిరసం, ఒడియా ఇంట్లో అరిసా పిఠా. తిరుమలలో 15, 16 శతాబ్దాల శాసనాలు చాలావరకు తమిళంలో ఉన్నాయి. వాటిలో స్వామి నైవేద్యాల నడుమ అతిరసం పేరు కనబడుతుంది.

అన్నీ ఒకటేనని మాత్రం అనుకోకండి. మనం పాకం పిండి వేడి మీదనే వత్తి, వేయించి, నూనె పిండేస్తాం. అదిరసానికి ఆ పిండిని ఒకటి రెండు రోజులు నాననిస్తారు. మరాఠీ అనరసెకైతే సాధారణంగా పాకమే పట్టరు. మూడు రోజులు నానిన బియ్యాన్ని పిండి చేసి, బెల్లం తురిమి కలిపి నిలవ ఉంచుతారు. ఆపైన గసగసాల మీద అద్ది వేయిస్తారు. పేరు మన అరిసెకు దగ్గర, చేత దూరం. షోలాపూరు శ్రోతలు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తిని చూడండి, తేడా నాలుకకే తెలుస్తుంది.

నా బెంగ ఒకటుంది. అంగడిలో కొన్న పొట్లం మీద అరిసె అనో అదిరసం అనో పేరు ఉంటుంది. కాని తీగ పాకం, ఉండ పాకం అన్న మాటలు ఏ పొట్లం మీదా ఉండవు. తెలుగు బడి లేని ఊళ్ళలో అవి పొయ్యి దగ్గరే బతికాయి. ఈ పండక్కి మీ అవ్వ పక్కన కాసేపు కూర్చోండి. చుక్క నీళ్ళలో పడగానే ఆమె ఏ మాట అంటుందో, ఆ మాటతోనే రాసి పెట్టుకోండి.