డీజిలు ఇంజనుకు వడపోత

డీజిలు కారుగల గృహస్థుడు ఇంధనపు ఫిల్టరును ఇంటివద్దనే మార్చుకొనవచ్చును. పాతది విప్పి కొత్తది బిగించుట పెద్ద పని కాదు. చిక్కంతయు తరువాత వచ్చును: తాళము ఎంత త్రిప్పినను ఇంజను స్టార్టు కాదు. ఫిల్టరు విప్పినప్పుడు గొట్టములలో చొరబడిన గాలియే ఇందుకు కారణము. విచిత్రమేమనగా, ఈ ఇంజను పుట్టిన దినములలో ఇంధనమును సిలిండరులోనికి చేర్చినది ఆ గాలియే!

రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటు కోరెను. మరుసటి యేట జర్మనీలోని ఆగ్స్‌బర్గు కర్మాగారమున తొలి నమూనా తయారయ్యెను. గాలిని గట్టిగా నొక్కినచో అది మిక్కిలి వేడెక్కును. ఆ వేడిలోనికి నూనెను చిమ్మినచో నిప్పురవ్వతో పని లేకయే మండును. సూత్రము ఇంతే. కాని 30 వాతావరణములకు పైబడిన పీడనమున్న సిలిండరులోనికి కొలది బొట్ల నూనెను, సరియైన క్షణమున, సన్నని తుంపరగా పంపుట ఎట్లు? ఆనాటి పంపులకు అది సాధ్యము కాలేదు. అందుచే డీజిల్ వేరొక కంప్రెసరుతో గాలిని ఇంకను ఎక్కువగా నొక్కి, దానిచేత నూనెను లోనికి ఊదించెను. 1897లో ఆచార్య ష్రోటరు జరిపిన పరీక్షలో ఈ ఇంజను ఇంధనశక్తిలో సుమారు 26 శాతమును పనిగా మార్చెను. నాటి మేలైన ఆవిరి యంత్రములు కూడ దీనికి చాల వెనుకబడి యుండెను.

అయినను ఆ కంప్రెసరు బరువైనది. ఇంజను శక్తిలో కొంత భాగమును తానే మ్రింగివేసెడిది. ఓడలకు, విద్యుత్కేంద్రములకు అది సరిపోయెను గాని కారులో ఇముడునది కాదు. 1913లో ఆంట్‌వెర్పునుండి ఇంగ్లండునకు పోవుచున్న ఓడలో డీజిల్ అదృశ్యుడయ్యెను. తన ఇంజను కారు నడుపుటను అతడు చూడలేదు.

కంప్రెసరును తొలగించినది పంపే. రాబర్ట్ బాష్ సంస్థ 1922లో ఈ పనికి పూనుకొని, 1927లో ఇంజెక్షను పంపులను పెద్ద యెత్తున తయారుచేయసాగెను. ఇందులో ఉక్కు ప్లంజరు ఒకటి ఉక్కు గొట్టములో పైకి క్రిందికి ఆడును. నూనె జారిపోకుండ ఆపుటకు తోలు గాని రింగు గాని లేదు. రెంటి నడుమ సందు మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. తలవెంట్రుక మందము దీనికి ఎన్నో రెట్లు! 1936లో వెలువడిన మెర్సిడెస్ బెంజ్ 260 డి కారు, 45 అశ్వశక్తుల ఇంజనుతో, ఇట్టి పంపుమీదనే నడచెను.

అంత సన్నని సందులో పడిన ధూళి ఉక్కును గీరివేయును. ప్లంజరునకు కందెన కూడ ఆ డీజిలే కనుక, నీరు కలిసినచో కందెన చెడి త్రుప్పు పట్టును. వడపోత ప్రాణావసరమైనది ఇందువలననే. మొదట బట్ట, ఉన్నిని అదిమి చేసిన ఫెల్టు వాడిరి. పిదప మడతలు పెట్టిన కాగితము వచ్చెను. మడతల వలన చిన్న డబ్బాలోనే విశాలమైన వడపోత తలము అమరును. నీరు డీజిలుకంటె బరువు గనుక అడుగున చేరును. దానిని వదలుటకు చాల ఫిల్టర్లకు క్రింద మర యుండును.

ఇక గాలి సంగతి. ద్రవము నొక్కుటకు దాదాపు లొంగదు. కావున ప్లంజరు త్రోపు నేరుగా నాజిలుకు చేరి దానిని తెరచును. నడుమ గాలిబుడగ యున్నచో అది స్ప్రింగువలె ముడుచుకొని మరల విచ్చుకొనును, నాజిలు తెరచుకొనదు. అందుకే పాత కార్లలో గాలిమరను సడలించి, బుడగలు లేని డీజిలు వచ్చువరకు చేతిపంపును నొక్కెదరు. అప్పటికిని లొంగనిచో నాజిలు గొట్టముల నట్లను కూడ కొంచెము వదులు చేసి ఇంజనును త్రిప్పెదరు. కొత్త ఫిల్టరును ముందుగా నింపదలచినవారు బయటి రంధ్రములలోనే పోయవలెను. నడిమి రంధ్రములో పోసిన డీజిలు వడపోతను తప్పించుకొని నేరుగా పంపునకు పోవును. ఫిల్టరు మార్చిన ఫలమే లేదు.

1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో వచ్చిన కామన్ రైలు పద్ధతిలో పీడనము 1350 బార్లకు చేరెను. ఇందులో పై నట్లను వదులు చేయుట ప్రమాదము. అంత ఒత్తిడితో వెడలు సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి చొచ్చును. ఇట్టి కార్లలో పెక్కింటికి ట్యాంకులోనే విద్యుత్ పంపు కలదు. ఇంజనును స్టార్టు చేయక, తాళమును రెండు మూడు మారులు త్రిప్పి ఆపినచో అదియే ఫిల్టరును నింపి గాలిని వెడలగొట్టును.