2009 కృష్ణ వరద: శాటిలైట్ ఏం చూసింది, ఏం చెప్పలేకపోయింది

ఇన్ని శాటిలైట్లు పెట్టుకుని వరద సంగతి ముందే ఎందుకు తెలుసుకోలేరు అని ప్రతి వానాకాలం ఎవరో ఒకరు అడుగుతుంటారు. నాకైతే 2009 అక్టోబరే గుర్తొస్తుంది.

ఆ ఏడాది ముందు కరువు. డ్యాములు నిండితే చాలు దేవుడా అనుకున్న రోజులు. తీరా శ్రీశైలం నిండాక, సెప్టెంబరు చివర్లో కుండపోత మొదలైంది. అక్టోబరు 2న జూరాల మీదుగా కృష్ణ, ఆలంపూర్ పక్కనుంచి తుంగభద్ర రెండూ కలిసి వచ్చిపడ్డాయి. డ్యాం కట్టింది 19 లక్షల క్యూసెక్కుల లెక్కకి, వచ్చింది 25 లక్షలకి పైనే! పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్ళు 896 దాకా ఎక్కాయి. కర్నూలు, ఆలంపూర్ మునిగాయి.

విచిత్రం ఏంటంటే, శాటిలైట్ డేటా అందుకునే షాద్‌నగర్ కేంద్రం ఉన్నదీ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోనే. 1979లో లాండ్‌శాట్‌తో మొదలైన కేంద్రం అది. అయితే మామూలు కెమెరాకి మబ్బు అడ్డం. వరదప్పుడు మబ్బు ఉండక ఏముంటుంది? అందుకే రాడార్ కావాలి. నిలిచిన నీటి మీద పడ్డ రాడార్ కిరణం అద్దం మీద పడ్డట్టు అవతలికి పోతుంది, బొమ్మలో ఆ చోటు నల్లగా కనిపిస్తుంది. అప్పట్లో మన వరద మ్యాపులకి ఎక్కువగా కెనడా వాళ్ళ రాడార్‌శాట్ మీదే ఆధారపడేవాళ్ళం. మన రీశాట్-1 పైకెళ్ళింది 2012లో.

రాడార్ ఉన్నా సరే, గేట్ల నిర్ణయం గంటల్లో జరగాలి. శాటిలైట్ అదే చోటికి తిరిగి రావడానికి రోజులు పడుతుంది. 2025లో వెళ్ళిన నైసార్‌కీ 12 రోజులు. మన భాషలో చెప్పాలంటే ఇది అలర్ట్ కాదు, లాగ్ ఫైలు. ముందస్తు కబురు ఎగువ వాన అంచనాల నుంచి, నది గేజీల నుంచి రావాలి.

వచ్చినా, అసలు చిక్కు వేరే. అంచనాని నమ్మి డ్యాం ఖాళీ చేశాక వాన రాకపోతే? సాగర్ ఎడమ కాలువ కింద నల్లగొండ రైతుకి ఎవరు జవాబు చెప్తారు? కరువు ఏడాదిలో నీళ్ళు వదిలెయ్యమని ఏ ఇంజనీరు సంతకం పెడతాడు? ఆ రిస్కుని ఇంజనీరు నెత్తిన ఒక్కడి మీదే పెట్టడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

లాగ్ ఫైలుకీ విలువుంది లెండి. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీత అందులో ఉంటుంది. ఏటి ఒడ్డున ప్లాటు చవగ్గా వస్తోందని ఎవరన్నా ఫోన్ చేస్తే, అడ్వాన్సు ఇచ్చేముందు ఇస్రో భువన్‌లో వరద లేయర్లు తెరిచి చూడండి.