ఉత్తర ఐర్లాండ్: ఇల్లుంటేనే ఓటు

ఉత్తర ఐర్లాండ్‌లో కాథలిక్కు, ప్రొటెస్టెంటు అనే పేర్లు ప్రార్థన ఎలా చేస్తారో చెప్పేదానికంటే, ఎవరి తాతల భూమి ఎవరి చేతికి పోయిందో ఎక్కువగా చెబుతాయి. 1609లో మొదలైన అల్‌స్టర్ వలసలో కాథలిక్కుల పొలాలు గుంజుకుని స్కాట్లాండ్, ఇంగ్లండ్‌ల నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్లకు పంచారు. 1695 చట్టం ప్రకారమైతే కాథలిక్కు అయిదు పౌండ్లు దాటిన విలువ గల గుర్రం కూడా ఉంచుకోకూడదు.

1921లో ఐర్లాండ్ విడిపోయినప్పుడు, ప్రొటెస్టెంట్లు మూడింట రెండు వంతులున్న ఆరు జిల్లాలు ఉత్తర ఐర్లాండ్‌గా బ్రిటన్‌తోనే ఉండిపోయాయి. తమది ప్రొటెస్టెంటు రాజ్యమని అక్కడి ప్రధానమంత్రి జేమ్స్ క్రెయిగ్ 1934లో సభలోనే గర్వంగా ప్రకటించాడు. బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టు పార్టీది పాలన; ఆ మాట ఊరికే అన్నది కాదు.

దాన్ని అమలు చేసిన ఆయుధం ఇల్లు. స్థానిక ఎన్నికల్లో ఓటు ఇంటి పన్ను కట్టే గృహస్థుకీ, అతని భార్యకీ మాత్రమే ఉండేది. తల్లిదండ్రుల ఇంట్లో ఉండే పెద్దకొడుక్కి ఓటు లేదు. కంపెనీ యజమానులకు మాత్రం అదనపు ఓట్లు. పేద ప్రొటెస్టెంట్లూ దీనివల్ల ఓటు కోల్పోయారు, ఆ సంగతి మరిచిపోకూడదు. అయితే స్థానిక కౌన్సిల్ ఇల్లు ఇస్తే ఓటు ఇచ్చినట్టే కాబట్టి, ఇల్లు ఎవరికి దక్కాలో యూనియనిస్టు కౌన్సిలర్లు మతం చూసి తేల్చిన చోట్లు ఎన్నో.

డెర్రీ నగరంలో వార్డుల హద్దులు గీయడంలోనూ ఇదే ఎత్తు బాహాటంగా కనిపించింది. 1967లో అక్కడి ఓటర్లలో కాథలిక్కులు 14,429 మంది, ఇతరులు 8,781 మంది. కాథలిక్కు ఓటర్లలో పదివేల మందిని ఒకే సౌత్ వార్డులో కుక్కి ఎనిమిది సీట్లు ఇచ్చారు. మిగతా రెండు వార్డుల్లో పన్నెండు సీట్లు యూనియనిస్టులవి. జనం ఎక్కువున్నవాళ్ళు కౌన్సిల్లో ఎప్పుడూ ప్రతిపక్షమే!

1968 జూన్‌లో క్యాలెడన్ గ్రామంలో పిల్లలున్న కాథలిక్కు కుటుంబాన్ని కౌన్సిల్ ఇంట్లోంచి గెంటేశారు. ఆ పక్కింటిని పెళ్ళికాని 19 ఏళ్ళ ప్రొటెస్టెంటు యువతికి ఇచ్చారు. ఆమె యూనియనిస్టు రాజకీయాలతో సంబంధమున్న లాయరు దగ్గర ఉద్యోగి. ఉత్తర ఐర్లాండ్ పార్లమెంటు సభ్యుడు ఆస్టిన్ కర్రీ ఆమెకిచ్చిన ఇంట్లోకి వెళ్ళి బైఠాయించాడు. పోలీసులు బయటికి లాగేశారు. అదే ఏడాది అక్టోబర్ 5న డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపుపై పోలీసులు లాఠీలు ఝుళిపించారు. టీవీ కెమెరా ఆ దృశ్యాన్ని ప్రపంచానికి చూపింది.

ఆ తర్వాత చట్టాలు మారాయి. అందరికీ ఓటు, 1971లో ఇళ్ళ కేటాయింపుకు స్వతంత్ర సంస్థ, 1976లో ఉద్యోగ వివక్షపై చట్టం వచ్చాయి. కానీ అప్పటికే ఆలస్యమైంది, హింస చెలరేగింది. మూడు దశాబ్దాలు సాగిన ఆ హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. 1998 శాంతి ఒప్పందం తర్వాత, 2001 నుంచి పదేళ్ళపాటు పోలీసు నియామకాల్లో సగం కాథలిక్కులకు కేటాయించారు.

2021 జనగణనలో కాథలిక్కు నేపథ్యం ఉన్నవాళ్ళు 45.7 శాతం, ప్రొటెస్టెంటు నేపథ్యం ఉన్నవాళ్ళు 43.5 శాతం. అయినా ఇప్పటికీ ఎక్కువమంది పిల్లలు వేర్వేరు బడుల్లోనే చదువుతున్నారు. బెల్ఫాస్ట్‌లో రెండు వర్గాల వీధుల మధ్య 1969 నుంచి లేస్తూ వచ్చిన గోడల్లో కొన్నిటి గేట్లను రాత్రిపూట ఇంకా మూసేస్తున్నారు.