పాతచెప్పు సంతానము

బళ్ళారి జిల్లా నుండి 1882లో విడివడిన అనంతపురము సీమలో, సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఆ ఎఱ్ఱనేలపై, బస్తాల బరువుతో గుట్టవాలు దిగు ఎద్దుబండిని నిలువరించుటకు చక్రపు ఇనుపపట్టాకు ఒక అడ్డకఱ్ఱ ఒరసికొనునట్లు త్రాటితో బిగించుట బండివాండ్రు ఎఱిగిన ఉపాయమే. కఱ్ఱ అరుగును, మార్చవలెను; నేటి బ్రేకుప్యాడు ధర్మమును ఇదియే.

ఇంగ్లండులోని డెర్బీషైరు కొండదారులలో అట్టి కఱ్ఱకు బండివాండ్రు పాతబూట్ల తోలు తగిలించుట చూచి, హెర్బర్ట్ ఫ్రూడ్ అను నతడు 1897లో మన్నిక గల బ్రేకుదిమ్మెల తయారీకి పూనుకొనెను. పాతచెప్పునకు ఇంతటి సంతానము కలుగునని ఎవ్వరూహింతురు! 1902లో లాంచెస్టర్ అను ఆంగ్ల ఇంజనీరు డిస్కుబ్రేకునకు పేటెంటు పొందెను. అప్పటికే గుత్తి, గుంతకల్లు మీదుగా వచ్చిన రైలుతో పోతయినుప బ్రేకుదిమ్మెలు ఈ సీమకును దిగినవి.

బాట లేనిచోటను పరువెత్తు నాలుగుచక్రాల మోటారుబండి బ్రేకులకు ఈ సీమ ఎఱ్ఱదుమ్మే ఆకురాయి. ప్యాడుపై ఒరపిడిపూత అరిగి దాని వెనుకరేకు చక్రముతో తిరుగు డిస్కును గీయుటకు మున్నే, ప్యాడులను పట్టియుండు క్యాలిపరు విప్పి, దానిలోని పిస్టనును మెల్లగా లోనికి నొక్కి, రెండు ప్యాడులను జంటగా మార్చవలెను. పిమ్మట బ్రేకుపిడిని పలుమాఱులు నొక్కక బండి కదల్పరాదు. ఏలయన, పిస్టను లోనికి పోయియున్నందున మొదటి నొక్కునకు బ్రేకు పట్టదు.