తూకానికీ రింగుకీ మధ్య

2025 నవంబర్ 20న గ్రేటర్ నోయిడాలోని షహీద్ విజయ్ సింగ్ పథిక్ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 51 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచింది. ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో ఆ వారం భారత్‌కు దక్కిన తొమ్మిది స్వర్ణాల్లో ఏడు మహిళలవే. 1991లో అభివృద్ధి అథారిటీ ఏర్పడ్డాక పొలాల మధ్య లేచిన ఈ కొత్త నగరం దేశ మహిళా బాక్సింగ్‌కు ముఖ్యమైన చిరునామా అయింది. 2025 మార్చిలో జాతీయ మహిళల బాక్సింగ్ పోటీలూ ఇక్కడే జరిగాయి.

నిఖత్ పతకాల పక్కన ఉన్న అంకెలు చూడండి. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయినప్పుడు 52 కిలోలు. 2023లో ఢిల్లీలో రెండోసారి గెలిచినప్పుడు 50. గ్రేటర్ నోయిడాలో 51. ఆమె ఒళ్లు కోరుకుని మారిన అంకెలు కావివి. పారిస్ ఒలింపిక్స్‌లో 52 కిలోల విభాగం లేదు, 50 ఉంది. అందుకని దిగాల్సి వచ్చింది.

ఆ దిగడం ఎలా ఉంటుందో 2024 ఆగస్టు 1న దేశం విన్నది. చైనా బాక్సర్ వు యు చేతిలో ఓడి బయటికి వచ్చిన నిఖత్, బరువు కోసం రెండు రోజులుగా ఏమీ తినలేదని, తూకం అయ్యాకే నీళ్లు తాగానని, ఒళ్లు కోలుకునే వ్యవధి దొరకలేదని కన్నీళ్లతో చెప్పింది. మరో ఆరు రోజులకు కుస్తీలో వినేశ్ ఫోగట్ వంద గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్‌కు దూరమైంది. దేశమంతా ఆ వంద గ్రాముల గురించే మాట్లాడుకుంది. అంతకు ముందు గడిచిన ఆకలి గంటల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఈ బాధకు మూలం ఆటల పుస్తకంలోనే ఉంది. మహిళల బాక్సింగ్ ఒలింపిక్స్‌లోకి 2012లో అడుగుపెట్టినప్పుడు ఇచ్చినవి మూడంటే మూడే విభాగాలు: 51, 60, 75. 46, 48 కిలోల్లో ప్రపంచాన్ని గెలిచిన మేరీ కోమ్ 51కి ఎదిగి, తనకన్నా పెద్ద ఒళ్లున్నవాళ్లతో తలపడి లండన్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెది పైకి ఎక్కే కష్టం, నిఖత్‌ది కిందికి దిగే కష్టం. రెండింటినీ నిర్ణయించింది పోటీల పట్టికే.

తూకం లేని ఆటల్లోనూ ఆకలి ఉంది. 1984 లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో వందో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. క్రీడాగ్రామంలో తనకు తినగలిగింది గంజి, ఊరగాయే అని, చివరి 35 మీటర్లలో శక్తి చాలలేదని చాలా ఏళ్ల తర్వాత ఆమె చెప్పింది. యాదృచ్ఛికమే కానీ, సరిగ్గా ఆ 1984లోనే అమెరికాలో బార్బరా డ్రింక్‌వాటర్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. నెలసరి ఆగిపోయిన పాతికేళ్ల క్రీడాకారిణుల వెన్నెముక సాంద్రత యాభై ఏళ్లు దాటిన స్త్రీలదానిలా ఉందని అందులో తేలింది. అప్పటిదాకా నెలసరి ఆగడాన్ని గట్టి శిక్షణకు గుర్తుగా చూసిన కోచ్‌లు ఎందరో.

తిండి తక్కువై, నెలసరి తప్పి, ఎముక పలచబడే ఈ మూడింటినీ కలిపి 1990లలో వైద్యులు 'ట్రయాడ్' అన్నారు. పరిశోధకురాలు ఆన్ లౌక్స్ ప్రయోగాలు అసలు లెక్క చూపించాయి. తిన్న కేలరీల్లోంచి వ్యాయామానికి ఖర్చయినవి తీసేస్తే ఒంటికి మిగిలేదెంత? కొవ్వు కాని బరువు కిలోకు 45 కేలరీలు మిగిలితే క్షేమం. 30 కన్నా తగ్గితే అయిదు రోజుల్లోనే హార్మోన్ల లయ చెదురుతుంది. కొవ్వు తీసేస్తే 42 కిలోలుండే బాక్సర్‌కు, సాధన ఖర్చు పోను, ఆ గీత 1,260 కేలరీల దగ్గర పడుతుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ట్రయాడ్ భావనను 'రెడ్-ఎస్' పేరుతో విస్తరించి, గుండె, రోగనిరోధక శక్తి, రక్తం దాకా నష్టం పాకుతుందని చెప్పింది.

రక్తం సంగతి మన దేశంలో మరీ బరువైనది. తక్కువ తినేవాళ్లకు ఇనుమూ తక్కువే అందుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో స్త్రీలకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము సిఫారసు చేసింది. పప్పులో, ఆకుకూరలో ఉండే ఇనుము ఒంటికి పట్టేది కొద్దిగానే. భోజనం కాగానే టీ తాగితే ఆ కొద్దీ తగ్గుతుంది, నిమ్మరసం పిండుకుంటే పెరుగుతుంది. కఠిన సాధన తర్వాత మూడు నుంచి ఆరు గంటల మధ్య కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేసి పేగుల దగ్గరే ఇనుమును ఆపేస్తుంది. ముందుగా తరిగేది ఫెరిటిన్, అంటే ఒంట్లోని నిల్వ. హిమోగ్లోబిన్ 12 మీద నిలకడగా ఉండగానే నిల్వ అడుగంటవచ్చు. అందుకే శిక్షణ శిబిరంలో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి 'బాగుంది' అనడం చాలదు.

మన ప్రభుత్వాలు రక్తహీనతను పట్టించుకోలేదని కాదు. 1970లోనే జాతీయ కార్యక్రమం మొదలైంది, గర్భిణులకూ, బాలింతలకూ, చిన్నపిల్లలకూ మాత్రలు పంచారు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉంది. ఆ ప్రణాళికలు స్త్రీలో తల్లిని చూశాయి. క్రీడావైద్యం చాలాకాలం మగవాడి ఒంటినే కొలతగా తీసుకుంది. పరుగెత్తే, గుద్దులాడే అమ్మాయి ఈ రెండింటి నడుమ జారిపోయింది. ఇది న్యాయం కాదు. జిల్లా స్థాయి హాస్టల్ నుంచే ఫెరిటిన్ పరీక్ష, నెలసరి నమోదు, పోషకాహార నిపుణుల సలహా ఉండాలి.

ఒలింపిక్ బరువుల పట్టిక మళ్లీ మారింది. 2028 ఒలింపిక్స్‌లో మహిళలకు ఏడు విభాగాలు, అన్నిటికన్నా చిన్నది 51. లివర్‌పూల్‌లో ప్రపంచ విజేతై, గ్రేటర్ నోయిడాలోనూ 48 కిలోల స్వర్ణం గెలిచిన మీనాక్షి ఆ ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే మూడు కిలోలు ఎదగాలి, అదీ కండగా. 54లో చోటు దొరకనివాళ్లు 51కి దిగాలని చూస్తారు. ఎదిగేవాళ్ల పళ్లెమూ దిగేవాళ్ల పళ్లెమూ వేరుగా ఉండాలి. ఆ లెక్క తూకానికి రెండు రోజుల ముందు కాదు, ఇప్పుడే వేయాలి.